ఎనిమిదో బ్రష్

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు వంటింట్లోంచి పిలిచింది. "మామయ్యా, మిక్సీ నుంచి కాలిన వాసన వస్తోంది. ఒకసారి చూస్తారా?" అని. ఆమె పిలవకముందే నా చెవి అటు తిరిగింది. కొబ్బరి చట్నీ నలుగుతున్న చప్పుడులో సన్నటి గరగర వినిపించింది. వెళ్ళి వంటింట్లో లైటు తీసేయమన్నాను. మిక్సీ కింద గాలి సందుల్లోంచి చూస్తే నీలం రవ్వలు. బ్రష్ అరిగిపోతే వచ్చే మెరుపు అది. ముప్పై ఏళ్ళకు పైగా నేను చూస్తూ వచ్చిన మెరుపు.

మిక్సీ మోటారులో రెండు కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. సోమవారం రాణిగంజ్ వెళ్ళి కొత్త జత తెచ్చాను. పాతవి బయటికి తీస్తుంటే వేలికి నల్లపొడి అంటింది. ఆ వాసన ముక్కుకు తగలగానే బేగంపేట హ్యాంగర్, ఆ పొడవాటి చెక్క బెంచీ, దాని వెనక ముక్కుమీద కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్న మా వారంట్ సార్ గుర్తుకొచ్చారు. ఆయన గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

1986లో నేను జనగామ నుంచి హైదరాబాద్ వచ్చాను. చేతిలో ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంది. ఫతేనగర్‌లో ఒక గది అద్దెకు దొరికింది. పడమర నుంచి దిగే విమానాలు ఆ ఇళ్ళ మీదుగానే వెళ్ళేవి. మొదటి వారమంతా ప్రతి విమానానికీ బయటికి పరిగెత్తి చూశాను. తర్వాత నెలకి ఆ చప్పుడు వినబడడమే మానేసింది. బేగంపేటలో చిన్న విమానాలకు మరమ్మతులు చేసే ఒక హ్యాంగర్‌లో ట్రైనీగా చేరాను. అప్పట్లో అక్కడ నాలాంటి వాళ్ళు ఏడుగురు. అందరికీ ఇంజిన్ దగ్గర పనిచేయాలని ఆశ. ఇంజిన్ అంటే ఒక గౌరవం. నన్ను మాత్రం ఎలక్ట్రికల్ షాప్‌లో వేశారు. ఆ రోజు నేను గదికి వెళ్ళి అన్నం కూడా తినలేదు.

వారంట్ సార్‌ది విజయనగరం వైపు. ఎయిర్‌ఫోర్స్‌లో వారంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యి మా దగ్గర చేరారు. అందరూ ఆయన్ని పేరుతో కాక హోదాతోనే పిలిచేవాళ్ళు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు పెంచి మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. మొదటి రోజు నా ముఖం చూసి ఆయనకు సంగతి అర్థమైనట్టుంది. బెంచీ మీద ఉన్న ఒక బరువైన గుండ్రటి యంత్రం మీద చెయ్యి వేసి, "నాయనా, ఇంజిన్ దగ్గరికి వెళ్దామనుకున్నావు కదా. ఇది తిరగకపోతే ఆ ఇంజిన్ ఉత్త ఇనుము" అన్నారు.

అది స్టార్టర్ జనరేటర్.

చూడడానికి పెద్ద మోటారులా ఉంటుంది. ఒకవైపు పళ్ళున్న షాఫ్ట్, రెండోవైపు గాలి పీల్చుకునే ఫ్యాన్. మా కింగ్ ఎయిర్ విమానాల్లో ఇంజిన్ వెనక గేర్‌బాక్స్‌కు బిగించి ఉండేది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటుతో అది మోటారుగా మారి ఇంజిన్‌ని తిప్పుతుంది. ఇంజిన్ అంటుకుని తనంతట తాను తిరగడం మొదలుపెట్టాక అదే యంత్రం జనరేటర్‌గా మారుతుంది. అప్పుడు ఇంజిన్ దాన్ని తిప్పుతుంది. అది 28 వోల్ట్‌ల కరెంటు ఇచ్చి బ్యాటరీని నింపి, రేడియోలు, లైట్లు, పంపులు అన్నింటినీ నడుపుతుంది. పాత డకోటా విమానాల్లో స్టార్టర్ వేరు, జనరేటర్ వేరు. టర్బైన్ ఇంజిన్లు వచ్చాక ఈ రెండు పనులూ ఒకే యంత్రానికి అప్పగించారు. విమానంలో ప్రతి కిలో బరువుకూ లెక్క ఉంటుంది కదా, అందుకే.

డకోటా పేరు ఊరికే ఎత్తలేదు. బేగంపేటలో ఆ మాట వింటే పాతవాళ్ళ ముఖాలు వెలిగేవి. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు ఇక్కడి నుంచే ఎగిరేవి. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మా హ్యాంగర్‌లో ఒక పెద్ద వయసు హెల్పర్ ఉండేవాడు. మేమంతా చాచా అనేవాళ్ళం. వాళ్ళ నాన్న ఆ డకోటాలను తుడిచేవాడట. చాచా మాత్రం మా నల్లపొడి తుడిచేవాడు. "మా ఇంట్లో ఇద్దరమూ విమానం మురికి తుడిచి బతికినోళ్ళమే బేటా" అని గర్వంగా చెప్పేవాడు.

ఆ నల్లపొడి గురించి చెప్పాలి. స్టార్టర్ జనరేటర్ లోపల ఆర్మేచర్, అంటే రాగి తీగ చుట్లున్న ఇరుసు, తిరుగుతుంటుంది. దాని ఒక చివర రాగి కడ్డీలు వరసగా పేర్చిన డ్రమ్ము ఉంటుంది, అదే కమ్యుటేటర్. కదలని వైర్ల నుంచి తిరిగే రాగికి కరెంటు అందించాలంటే మధ్యలో రాసుకుంటూ ఉండేది ఒకటి కావాలి. అదే కార్బన్ బ్రష్. మా యూనిట్లలో నాలుగు జతలు, మొత్తం ఎనిమిది బ్రష్‌లు. ఇంజిన్‌లో గ్యాస్ జనరేటర్ (కంప్రెసర్, దాన్ని తిప్పే టర్బైన్ ఉన్న భాగం) నూరు శాతం వేగంలో, అంటే నిమిషానికి 37,500 చుట్లు తిరుగుతుంటే, ఈ ఆర్మేచర్ దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. స్టార్ట్ చేసే మొదటి క్షణాల్లో వందల ఆంపియర్ల కరెంటు ఆ బ్రష్‌ల గుండానే పోతుంది. ప్రతి చుట్టులోనూ బ్రష్ కొంచెం అరుగుతుంది. అరిగిందంతా పొడిగా లోపలే రాలుతుంది. కార్బన్ కరెంటును ప్రవహింపజేస్తుంది కనుక ఆ పొడి సందుల్లో పేరుకుంటే కరెంటు పోకూడని దారిన పోతుంది. అందుకే తనిఖీ అంటే మొదటి పని పొడి ఊదడం. కంప్రెసర్ గాలిలో తడి లేకుండా చూసుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని ఊదేవాళ్ళం. ఎంత కట్టుకున్నా రాత్రి ముక్కు చీదితే నల్లగానే వచ్చేది. చేతులకైతే సర్ఫు, ఇసుక కలిపి రుద్దేవాళ్ళం.

వానాకాలంలో ఆ పొడి ఇంకో రకంగా ఏడిపించేది. జూలైలో ముసురు పట్టిందంటే పొడి తేమ పీల్చుకునేది. కరెంటు లీకును కొలిచే మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూస్తే ముల్లు లేవనంటుంది. చూసినవాడు ఆర్మేచర్ పాడైందని కంగారుపడతాడు. వారంట్ సార్ దాన్ని శుభ్రం చేయించి, ఓవెన్‌లో నిదానంగా ఆరబెట్టించి, మర్నాడు మళ్ళీ మెగ్గర్ పెట్టమనేవారు. ముల్లు లేచేది. "తడిసిన మనిషిని జ్వరమొచ్చినవాడనకు నాయనా, ముందు ఒళ్ళు తుడువు" అనేవారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య రంగు చూడడం. బ్రష్ కవర్ విప్పగానే టార్చి వేసి కమ్యుటేటర్ మీద రంగు చూడాలి. బాగా నడుస్తున్న కమ్యుటేటర్ మెరిసే రాగి రంగులో ఉండదు. దాని మీద సన్నటి పొర ఏర్పడుతుంది. ఆయన దాన్ని తాటిబెల్లం రంగు అనేవారు. పుస్తకంలో చాక్లెట్ రంగు అని ఉండేది, కానీ నాకు ఇప్పటికీ తాటిబెల్లమే. ఆ రంగు చుట్టూ ఒకేలా ఉంటే సంతోషం. గీతలు గీతలుగా ఉంటే గట్టి రవ్వ ఏదో ఇరుక్కుంది. కొన్ని కడ్డీలు మాత్రమే ఒక లెక్క ప్రకారం నల్లబడితే ఆర్మేచర్ లోపల చుట్లలో లోపం ఉందేమో చూడాలి. ఎర్రగా తళతళలాడే రాగి కనిపిస్తే పొర పోయింది, బ్రష్‌లు వేగంగా అరుగుతాయి. కొత్తగా చేరినవాడు ఎవరైనా ఆ తాటిబెల్లం రంగును మురికి అనుకుని గీకబోతే ఆయన చెయ్యి పట్టుకునేవారు. "అది దాని చర్మం" అనేవారు.

ఆ పొర గురించి ఒక సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకు వెళ్ళడం మొదలుపెట్టాక, కింద వందల గంటలు నడిచే బ్రష్‌లు పైన చూస్తుండగానే పొడై రాలిపోయేవట. కారణం చలి కాదు, గాలిలో తేమ లేకపోవడం. గ్రాఫైట్ దానంతట అది జారుడుగా ఉండదు, దానికి నీటి ఆవిరి కావాలి. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన రాబర్ట్ సావేజ్ అనే ఆయన దీన్ని ప్రయోగాలు చేసి 1948లో ప్రచురించారు. తర్వాత బ్రష్‌లో కొన్ని రసాయనాలు కలిపి ఎత్తులో కూడా నిలిచేలా చేశారు. అందుకే విమానం బ్రష్ బదులు అదే కొలతలో ఉన్న మామూలు బ్రష్ వేస్తే సరిపోదు. వారంట్ సార్ ఇంత వివరం చెప్పలేదు. "కింద నీళ్ళు తాగి బతుకుతుంది, పైన ఉపవాసం. ఉపవాసం చేయగల బ్రష్షే వెయ్యి" అనేవారు. ఆ ఒక్క మాటలో ఆ శాస్త్రమంతా ఉంది.

షాప్‌కు యూనిట్ వచ్చిందంటే పండగ. మా వాటికి 1000 గంటలకు ఓవర్‌హాల్. మొత్తం విప్పేసి ఆర్మేచర్ బయటికి తీసి గ్రోలర్ అనే పరీక్ష యంత్రం మీద పెట్టి చుట్లలో షార్ట్ ఉందేమో చూడాలి. కమ్యుటేటర్‌ను లేత్ మీద పలచగా ఒక పొర తీయాలి. అది తీసేటప్పుడు షాప్‌లో ఎవరూ మాట్లాడకూడదని ఆయన నియమం. కనీస వ్యాసం కంటే తగ్గితే ఆ ఆర్మేచర్ ఇక పనికిరాదు. తర్వాత రాగి కడ్డీల మధ్య ఉన్న మైకాను కొంచెం లోతుకు కోయాలి, రాగి అంచులకు సన్నగా చెక్కు తీయాలి. మైకా రాగి కంటే గట్టిది కాబట్టి అది పైకి పొడుచుకొస్తే బ్రష్ ఎగిరెగిరి పడుతుంది. డయల్ గేజ్ ఆనించి చేత్తో నిదానంగా తిప్పి చూడాలి. ముల్లు కదిలీ కదలనట్టుండాలి. బేరింగులు ఎంత బాగున్నా కొత్తవే వేయాలి. షాఫ్ట్‌లో ఒకచోట కావాలనే సన్నగా చేసిన మెడ ఉంటుంది. లోపల ఏదైనా పట్టేస్తే ఆ మెడ తెగిపోయి ఇంజిన్ గేర్‌బాక్స్‌ను కాపాడుతుంది. దాన్ని చూపించినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. విరగడం కోసమే ఒక భాగాన్ని అంత జాగ్రత్తగా తయారుచేస్తారని అంతకుముందు నాకు తెలియదు.

కొత్త బ్రష్‌లు వేశాక వెంటనే లోడ్ పెట్టకూడదు. బ్రష్ అడుగు చదునుగా ఉంటుంది, కమ్యుటేటర్ గుండ్రం. రెండూ ఒకదానికొకటి అలవాటు పడాలి. లోడ్ లేకుండా గంటల తరబడి నిదానంగా తిప్పాలి. మధ్యమధ్యలో ఆపి బ్రష్ తీసి అడుగున ఎంత మేర మెరుపు వచ్చిందో చూడాలి. తొందరపడి గీయాల్సి వస్తే సన్నటి గ్లాస్ పేపరే వాడాలి, ఎమరీ కాగితం మాత్రం ముట్టుకోకూడదు. ఎమరీ రవ్వలు రాగిలో దిగబడితే ఆ కమ్యుటేటర్ బ్రష్‌ను ఆకురాయిలా తినేస్తుంది. బ్రష్‌లు కూర్చునేదాకా కాపలా నాదే. వారంట్ సార్ పక్కనే స్టూలు మీద కూర్చుని, పొడుగు స్క్రూడ్రైవర్ కొసను బేరింగ్ దగ్గర ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. నాకూ ఇచ్చేవారు. మొదట్లో నాకు ఉత్త గోల తప్ప ఏమీ వినిపించేది కాదు. ఏడాది గడిచాక ఒకరోజు, "సార్, ఇందులో ఏదో ఉంది" అన్నాను. ఆయన విని, యూనిట్ ఆపించి, బేరింగ్ తీయించారు. బాల్ మీద ఆవగింజలో సగం మచ్చ ఉంది. ఆ సాయంత్రం నన్ను రసూల్‌పురాలో ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళి చాయ్, ఉస్మానియా బిస్కెట్ పెట్టించారు. అదే నా డిగ్రీ అనుకుంటాను నేను.

ఇక అసలు సంగతి. ఇది ఇన్నేళ్ళలో మా ఇంట్లోవాళ్ళకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1991 మే నెల. అప్పటికి నాకు బ్రష్ తనిఖీ చేసి సంతకం పెట్టే అధికారం వచ్చింది. ఒక విమానం సాయంత్రం నాలుగింటికి బయలుదేరాలి. మధ్యాహ్నం రెండు దాటింది. టార్మాక్ మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే ఎండ. ఎడమ ఇంజిన్ జనరేటర్ బ్రష్‌లు చూడాలి. ఇంజిన్ మీది కప్పు, కౌలింగ్, తెరిచి, పొడి ఊది, ఒక్కో స్ప్రింగూ ఎత్తి బ్రష్ బయటికి తీసి, పక్కన ఉన్న ఏటవాలు గీతను చూసి ఎంత మిగిలిందో రాసుకుంటూ వచ్చాను. ఏడు అయ్యాయి. ఎనిమిదోది ఇంజిన్ వెనక ఉండే ఫైర్‌వాల్ (మంట ఆపే గోడ) వైపు, కింద. అక్కడికి చెయ్యి దూరాలంటే గాలి గొట్టం విప్పాలి. ఇరవై నిమిషాల పని. మిగతా ఏడూ దాదాపు సమానంగా అరిగాయి. ఏడోది మాత్రం కొంచెం ఎక్కువ అరిగింది, అయినా పరిమితిలోనే ఉంది. అద్దం పెట్టి ఎనిమిదో దాన్ని చూశాను. పైకొస కనిపించింది, ఉంది. మిగతావాటి లెక్కే దానికీ రాసి సంతకం పెట్టాను.

విమానం వెళ్ళింది, వచ్చింది. అలా మూడు వారాలు తిరిగింది. ఒకరోజు బయలుదేరిన ఇరవై నిమిషాలకే వెనక్కి వచ్చేసింది. ఎడమ జనరేటర్ ఆగిపోయి లైటు వెలిగిందట. కుడి జనరేటర్ ఒక్కటే లోడంతా మోసింది. కింగ్ ఎయిర్‌లో ఒక్క జనరేటర్‌తో క్షేమంగా దిగవచ్చు, అలాగే దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు మబ్బు పట్టి ఉంది. రెండోదానికి కూడా ఏదైనా అయి ఉంటే అన్న ఆలోచన నన్ను ఎన్నో రాత్రులు నిద్రపోనివ్వలేదు.

యూనిట్ దించి బెంచీ మీదికి తెచ్చారు. వారంట్ సార్ తనే విప్పారు. కమ్యుటేటర్ మీద తాటిబెల్లం లేదు. కాలిన కడ్డీలు, గుంటలు. ఆయన ఎనిమిది బ్రష్‌లూ తీసి తెల్ల గుడ్డ మీద వరసగా నిలబెట్టారు. ఆరు ఒకే ఎత్తు. ఏడోది అరిగి అరిగి మొండిదైపోయింది. దాని స్ప్రింగ్ వేడికి రంగు మారింది. ఎనిమిదోది వరసలో అన్నిటికంటే ఎత్తుగా, దాదాపు కొత్తదిలా ఉంది.

బ్రష్‌కు కరెంటు అందించే అల్లిన తీగను మేము జడ అంటాం. దాని జడ మెలిపడి స్ప్రింగ్ చేతికి తగులుకుంది. కొత్తగా ఉన్నంతకాలం జడ వదులుగా ఉంది, కాబట్టి బెంచీ మీద టెస్టులో తేడా తెలియలేదు. అరుగుతూ కిందికి దిగేకొద్దీ జడ బిగుసుకుని, ఒకచోట దాన్ని గాలిలో ఆపేసింది. అప్పటి నుంచి అది రాగిని తాకలేదు. పని చేయలేదు కాబట్టి అరగలేదు. దాని జత, ఆ ఏడోది, ఇద్దరి బరువూ మోసి కాలిపోయింది. నేను చూసిన రోజుకే ఏడోది ఎక్కువ అరిగి ఉంది. అది నాకు చెబుతూనే ఉంది. నేను వినలేదు.

లాగ్ షీట్ తెరిచారు. ఎనిమిదో గడిలో నేను రాసిన అంకె. బెంచీ మీద ఉన్న బ్రష్‌కూ దానికీ పొంతనే లేదు. మూడు వారాల కింద అది అంత అరిగి ఉండి, ఇప్పుడు ఇంత పొడుగు ఎలా అవుతుంది? బ్రష్‌లు పెరగవు కదా.

ఆయన నా వైపు చూడలేదు. గుడ్డ అంచు సరిచేస్తూ కూర్చున్నారు. నేను, "సార్, ఎనిమిదోది నేను తీయలేదు" అన్నాను. గొంతు పూడుకుపోయింది. కాసేపటికి ఆయన ఒక తెల్ల కాగితం, పెన్ను నా ముందు పెట్టారు. "ఇప్పుడు నాతో అన్నమాటే దీని మీద రాయి నాయనా. ఒక్క మాట ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. క్వాలిటీ వాళ్ళకు నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు" అన్నారు.

రాశాను. చెయ్యి వణికింది. మూడు నెలలు నా సంతకం ఆపేశారు. ఉద్యోగం పోలేదు, దానికి ఆయన ఎవరితో మాట్లాడారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మూడు నెలలూ నాకు ఒకటే పని. షాప్‌కు వచ్చిన ప్రతి యూనిట్‌లోనూ బ్రష్‌లు తీయడం, జడ ఎటు పోతోందో చూడడం, స్ప్రింగ్ బలం త్రాసుతో తూచడం, బ్రష్ హోల్డర్‌లో తన బరువుతో తాను జారుతోందో లేదో వేలితో చూడడం. ఆయన అప్పుడు చెప్పిన మాట ఒకటుంది. "అందరూ అరిగిన బ్రష్‌ను చూసి భయపడతారు. నువ్వు అరగని దాన్ని చూసి భయపడు." తర్వాత నా దగ్గర శిక్షణ పొందిన పిల్లలందరికీ మొదటి రోజే నేను ఆ మాట చెప్పాను, ఎనిమిదో బ్రష్ కథతో సహా. వాళ్ళకు మాత్రం ఏ రోజూ దాచలేదు.

ఆ తర్వాత నా ఉద్యోగమంతా గాలి గొట్టం విప్పకుండా ఒక్క తనిఖీ కూడా ముగించలేదు. దాని వల్ల విమానాలు ఆలస్యమైన రోజులున్నాయి. పైలట్లు వాచీ చూపించిన రోజులున్నాయి. చూపించనిచ్చాను.

స్టార్ట్ చేసేటప్పుడు పైలట్‌కు ఉండే టెన్షన్ నాకు తెలుసు. కింగ్ ఎయిర్‌లో స్టార్టర్‌కు ఒక లెక్క ఉంటుంది. 40 సెకన్లు వాడితే 60 సెకన్లు ఆపాలి, మళ్ళీ 40, మళ్ళీ 60, మూడోసారి 40 అయ్యాక 30 నిమిషాలు చల్లారనివ్వాలి. లోపలి రాగి వేడికి తట్టుకోవాలంటే అంత విశ్రాంతి కావాలి. చాలామంది దీన్ని పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోతారు. స్టార్టర్ బలహీనంగా తిప్పితే ఇంకో ప్రమాదం ఉంది. కంప్రెసర్ కనీసం 12 శాతం వేగం అందుకోకుండా ఇంధనం వదిలితే, లోపల గాలి తక్కువ, మంట ఎక్కువ. టర్బైన్ కాలిపోతుంది. అందుకే నేను బయట నిలబడి ఇంజిన్ లేచే కూత వినేవాణ్ణి. ఇంధనానికి నిప్పంటించే ఇగ్నైటర్లు టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే కూత మెట్టు మెట్టుగా ఎక్కాలి. ఎక్కడైనా ఊగితే చేయి పైకెత్తేవాణ్ణి. ఒకటి రెండుసార్లు నా చేయి చూసి పైలట్లు స్టార్ట్ ఆపేశారు కూడా. విప్పి చూస్తే ఒకసారి టెర్మినల్ నట్టు వదులైంది. ఇంకోసారి ఏమీ దొరకలేదు.

వారంట్ సార్ 1997లో పని మానేసి ఊరెళ్ళిపోయారు. వెళ్ళే రోజు నాకు తన తనిఖీ అద్దం ఇచ్చారు. పొడుగు కాడకు గుండ్రటి చిన్న అద్దం, కీలు దగ్గర కొంచెం వదులు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఉత్తరాలు రాసేవారు. ఉత్తరం చివర ఎప్పుడూ ఒకే ప్రశ్న, "రంగు ఎలా ఉంది?" అని. నేను "తాటిబెల్లం సార్" అని రాసేవాణ్ణి. 2004 తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు.

2008 మార్చి 22 అర్ధరాత్రితో పెద్ద విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి. ఊరంతా కొత్త ఎయిర్‌పోర్ట్ గురించి మాట్లాడింది. మా హ్యాంగర్ మాత్రం బేగంపేటలోనే ఉంది. మర్నాడు పొద్దున వెళ్తే ఎప్పుడూ వినని నిశ్శబ్దం. చాచా అప్పటికే మానేశాడు, అయినా ఆ రోజు గేటు దాకా వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఫతేనగర్‌లో నాతో అద్దెకున్న ఒక పాత మిత్రుడు ఫోన్ చేసి, "అన్నా, విమానాల చప్పుడు లేక రాత్రి నిద్ర పట్టలేదు" అన్నాడు.

నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు ఇప్పుడు పెద్ద విమానాల దగ్గర పనిచేస్తున్నాడు. పండగకు ఇంటికొచ్చినప్పుడు చెబుతుంటాడు. బోయింగ్ 787లో ఒక్కో ఇంజిన్‌కు రెండేసి స్టార్టర్ జనరేటర్లు, ఒక్కోటి 250 కేవీఏ అట. వాటిలో కార్బన్ బ్రష్‌లే లేవు. "మరి ఏం చూస్తావురా?" అంటే, "కంప్యూటర్ చెబుతుంది సార్, ఆయిల్ చూస్తాం, ఫిల్టర్ చూస్తాం" అన్నాడు. సంతోషమే. విమానం క్షేమంగా తిరిగితే చాలు నాకు. కానీ టార్చి వేసి రాగి మీద ఆ రంగు చూసే అవకాశం వాడికి లేదే అని మనసులో చివుక్కుమంది.

మిక్సీ సంగతి మధ్యలో వదిలేశాను. కొత్త బ్రష్‌లు వేసే ముందు వారంట్ సార్ అద్దం తీసి లోపల కమ్యుటేటర్ చూశాను. చిన్నదే, బొటనవేలంత కూడా లేదు. మెత్తటి గుడ్డతో పొడి తుడిచి, రెండు బ్రష్‌లనూ హోల్డర్‌లో జార్చి, పైకి కిందికి కదిలించి చూశాను. రెండూ జారాయి. జడలు స్ప్రింగులకు తగలకుండా పక్కకు వంచాను. తర్వాత జార్ పెట్టకుండా, తక్కువ స్పీడులో ఒక నిమిషం తిప్పి, చల్లారనిచ్చి, మళ్ళీ ఒక నిమిషం తిప్పుతూ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పొడుగు స్క్రూడ్రైవర్ బేరింగ్ దగ్గర ఆనించి చెవి పెట్టాను.

మా కోడలు నానబోసిన పప్పు గిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది. "అయిపోయిందా మామయ్యా?"

"ఇంకో పావుగంట ఆగమ్మా" అన్నాను. "బ్రష్‌లు ఇంకా కూర్చోలేదు."